ఇంటి కంకులతో పాప్‌కార్న్: ఒలిచే ముందు, పేల్చే ముందు చూసుకోవాల్సినవి

మా ఊళ్లో మక్కల కొనుగోలు కేంద్రం తెరిచారంటే ఏ ఇంట్లో చూసినా తేమ ముచ్చటే. మక్కల్లో తేమ 14 శాతం దాటితే కాంటా పెట్టరు. మా ఆయన గుప్పెడు గింజలు కవర్లో పోసుకుని వెళ్లి తేమ మిషన్‌లో పెట్టించుకుని వస్తాడు. 16 వచ్చిందంటే మళ్లీ రెండు రోజులు టార్పాలిన్ మీద ఆరబోత, తిరగేయడం, కుప్ప చేయడం. ఒక ఏడాది ఆయన వెంట నేనూ వెళ్లి నా పాప్‌కార్న్ గింజలు కూడా ఆ మిషన్‌లో పోయించాను. 14కు కొంచెం తక్కువ చూపించింది. ఆ సాయంత్రం గ్లాసులో పావు వంతు గింజలు పేలిస్తే గిన్నె నిండి మూత పైకి లేచింది. అడుగున మిగిలిన పేలని గింజలు లెక్కపెడితే ఏడే ఏడు.

అంతకుముందు రెండేళ్లు నాకు అవే కంకులు సరిగా పేలలేదు. విత్తనం మంచిది కాదనుకున్నాను, నూనె తక్కువైందనుకున్నాను, పొయ్యి మీద అనుమానపడ్డాను. తేడా అంతా గింజలోని తడిలో ఉందని ఆ మిషన్ చూశాకే నాకు గట్టిగా అర్థమైంది. ఇంట్లో కంకుల నుంచి పాప్‌కార్న్ చేసుకోవాలనుకునే వాళ్లకు నేను చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతుంది. పేల్చడం ఐదు నిమిషాల పని. గింజను ఆ తడి దగ్గరికి తెచ్చి అక్కడ నిలబెట్టడానికే నెల పడుతుంది.

ముందు ఏ కంకో చూసుకోండి

బజార్లో ఉడకబెట్టి అమ్మే స్వీట్‌కార్న్ కంకిని ఎన్ని రోజులు ఎండబెట్టినా పాప్‌కార్న్ కాదు. ఎండితే ముడతలు పడి ఎండుద్రాక్షలా అయిపోతుంది. చేన్లో పండించే హైబ్రిడ్ మక్కలు కూడా అంతే. వేయిస్తే కొన్ని చిట్లుతాయి, కొన్ని పళ్లు విరిగేంత గట్టిగా మాడతాయి. మా అత్తమ్మ చిన్నప్పటి నాటు మక్కలు మంగలంలో (వేయించే మట్టికుండలో) ఇసుక పోసి వేయిస్తే సగందాకా పేలేవట. ఇప్పుడు ఆ గింజ మా వైపు కనిపించడం లేదు.

పాప్‌కార్న్ మక్క వేరే రకం. కంకి చిన్నది, జానెడు కూడా ఉండదు. గింజ చిన్నగా, గుండ్రంగా, గాజుపూసలా మెరుస్తుంది. కొన్ని రకాల్లో గింజ కొన బియ్యపు గింజలా సూదిగా ఉండి ఒలిచేటప్పుడు వేళ్లకు గుచ్చుకుంటుంది. గింజ నెత్తిన గుంట ఉంటే అది పాప్‌కార్న్ కాదు. పళ్లతో కొరికితే రాయిలా ఉండాలి. లోపలి పిండి గట్టిగా ఉండటం, పై తోలు బలంగా, ఎక్కడా పగుళ్లు లేకుండా ఉండటం, ఈ రెండూ కుదిరితేనే పేలుతుంది.

నా దగ్గరున్నది అంబర్ పాప్‌కార్న్ అనే రకం. విత్తనం మా తమ్ముడు తెచ్చిచ్చాడు. మిరప మడి గట్టు పొడుగునా నాలుగు సాళ్లు పెట్టుకుంటాను, అంతే. యాసంగిలో వేస్తే నూరు రోజులకు అటూఇటూగా కంకి చేతికొస్తుంది.

తెంపే వేళ

పచ్చి కంకిని తెంపి ఎండబెడదామనుకోకండి. పాలకంకి గింజలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. దాన్ని తెంపి ఎండబెడితే గింజ లోపల నిండక సొట్టలు పోతుంది. కంకి చెట్టు మీదే పండి ఎండాలి. పొత్తి ఆకులు గడ్డిరంగుకు తిరిగి, ముట్టుకుంటే కాగితంలా గరగరలాడాలి. గోరు గుచ్చితే గింజ మీద గీత పడకూడదు.

ఇంకో గుర్తు ఉంది, నేను దాన్నే నమ్ముతాను. కంకి మధ్యలోంచి ఒక గింజ పీకి, బెండుకు అంటుకుని ఉండే దాని మొన దగ్గర పొరను గోటితో గీకండి. కింద నల్లటి చుక్క కనిపిస్తే గింజ పూర్తిగా ముదిరినట్టు. తల్లిచెట్టు నుంచి ఇక గింజలోకి ఏమీ పోదు. చుక్క కనపడలేదంటే ఇంకో వారం ఆగండి. నల్లచుక్క పడ్డాక కూడా వారం పది రోజులు చెట్టు మీదే ఉంచితే మంచిది. ఈలోగా వాన పడేలా ఉంటే మాత్రం ఆగకుండా తెంపేయండి. తడిసిన పొత్తిలో గింజకు బూజు పట్టడానికి రెండు రోజులు చాలు.

ఎండలో పెట్టొద్దు, గాలికి పెట్టండి

రెండో ఏడాది నేను చేసిన పొరపాటు ఇక్కడే. తెంపిన కంకులన్నీ డాబా మీద పరిచాను. మా జగిత్యాల వైపు ఎండ సంగతి తెలిసిందే. మార్చి నుంచే కాస్తుంది, మే నెలలో 45 డిగ్రీలు అంటుకుంటుంది. మిరపకాయలు ఎండబెట్టినట్టే వీటినీ ఎండబెట్టాను. ఎంత ఎండితే అంత మంచిదనుకున్నాను. తొలి ఏకాదశికి పేలాలపిండి చేద్దామని తీసి పొయ్యి మీద పెడితే టిక్కు టిక్కుమని శబ్దం వస్తోంది కానీ పువ్వు విచ్చుకోవడం లేదు. సగం గింజలు పేలలేదు. పేలినవి కూడా శనగగింజంతే అయ్యాయి.

అత్తమ్మ వంటింటి గడప మీద కూర్చుని చూస్తోంది. ఒక గింజ నోట్లో వేసుకుని పళ్లతో పటుక్కున కొరికి, "గింత ఎండగొడ్తే గింజల ఏం మిగుల్తది బిడ్డా? జరన్ని నీళ్లు సల్లి మూట గట్టు. రేపు జూద్దాం" అంది. జొన్నపేలాలకు ఆమె చేసే పద్ధతే అది. జొన్నల మీద నీళ్లు చిలకరించి, గుడ్డలో మూటకట్టి, తడి గింజ లోపలికి ఇంకాక పొయ్యి మీద వేస్తుంది. అత్తమ్మ బడికి పోలేదు. ఆవిరి సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆ మూట నాకు కొలతలతో సహా ఎలా పనికొచ్చిందో కాసేపట్లో చెబుతాను.

ముందు గింజ ఎందుకు పేలుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. పాప్‌కార్న్ గింజ పైతోలు ఆవిరిని బయటికి పోనివ్వదు. వేడెక్కేకొద్దీ లోపలున్న కాస్త నీరు ఆవిరై ఒత్తిడి పెంచుతుంది. ఆ వేడికి గట్టి పిండి కూడా మెత్తబడుతుంది. దాదాపు 180 డిగ్రీల దగ్గర తోలు ఇక ఆపలేక పగులుతుంది. పిండి ఒక్కసారిగా నురగలా ఉబ్బి, గాలి తగలగానే గట్టిపడి తెల్లటి పువ్వవుతుంది. నీరు తక్కువైతే ఆ ఒత్తిడి రాదు. నీరు ఎక్కువైతే తోలు మెత్తబడి ముందే చిట్లుతుంది, పేలం చిన్నగా, నమిలితే సాగుతూ ఉంటుంది. మండుటెండలో గబగబా ఎండిన గింజ తోలుకు కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. ఆ సందుల్లోంచి ఆవిరి కారిపోతుంది. అందుకే ఎండ వద్దు, ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టడం అసలు వద్దు.

నేనిప్పుడు చేసేది ఇది. తెంపిన రోజే పొత్తి ఆకులన్నీ వెనక్కి ఒలిచి, పీచు తీసేస్తాను. ఆకుల్ని పూర్తిగా తెంపకుండా, నాలుగైదు కంకుల ఆకుల్ని జడలా అల్లి వసారాలో దూలానికి వేలాడదీస్తాను. ఆకులు ఊడిపోయిన కంకుల్ని ఉల్లిగడ్డ జాలి సంచిలో వేసి అక్కడే తగిలిస్తాను. నీడ ఉండాలి, గాలి ఆడాలి, కంకికీ కంకికీ మధ్య సందు ఉండాలి. అపార్ట్‌మెంట్లో ఉండే వాళ్లు బాల్కనీలో బట్టల తీగకు తగిలించినా సరిపోతుంది, ఎండ నేరుగా పడకుండా చూసుకోండి. వంటింట్లో పొయ్యి పైన మాత్రం కట్టకండి, అన్నం ఉడికే ఆవిరంతా దానికే పడుతుంది. ఎలుకల సంగతి కూడా ఆలోచించుకోవాలి. నేను తాడు మధ్యలో నూనె డబ్బా రేకు మూతకు చిల్లు చేసి గుచ్చాను. ఎలుక తాడు మీద దిగి వచ్చినా ఆ రేకు దాటలేదు.

వారం వారం ఇరవై గింజలు

మూడు వారాలా, నాలుగా, ఐదా అన్నది నేను చెప్పలేను. మీ ఊరి గాలి చెప్పాలి. అందుకే వారానికోసారి ఒకే కంకి నుంచి 20 గింజలు ఒలిచి పేల్చి చూస్తాను. ఇరవై ఎందుకంటే లెక్క తేలిక, కంకి కూడా వృథా కాదు. ఫలితం క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలోనే రాసుకుంటాను. పోయిన ఏడాది మొదటి వారం 20కి 5 పేలాయి, అవీ జిగటగా. రెండో వారం 11. మూడో వారం 16. నాలుగో వారం 19. ఆ రోజే అన్ని కంకులూ దింపేశాను.

లెక్కతో పాటు పేలాన్ని కూడా చేతిలోకి తీసుకుని చూడండి. అంచులు మొరటుగా, లోపల పసుపుపచ్చగా, నమిలితే రబ్బరులా ఉంటే ఇంకా తడి ఉంది, మరో వారం ఆరనివ్వాలి. పువ్వు చిన్నగా, కరకరలాడుతూ, పేలనివి ఎక్కువగా ఉంటే ఎండ ఎక్కువైంది. రెండూ "సరిగా పేలలేదు" లాగే కనిపిస్తాయి, కానీ చేయాల్సిన పని ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు. ఇది తెలియకనే నేను ఎండినవాటిని మళ్లీ మళ్లీ ఎండబెట్టాను.

ఒలవడం

బాగా ఆరిన కంకిని రెండు చేతుల మధ్య పట్టుకుని బట్ట పిండినట్టు మెలితిప్పితే గింజలు రాలతాయి. మొదటి వరుస మొండికేస్తుంది. ఒక చెంచా కాడతోనో స్క్రూడ్రైవర్‌తోనో ఒక్క సాలు లేపండి. ఆ ఖాళీలోకి బొటనవేలు పెట్టి పక్క సాలును నెడితే ఇక వరుసగా ఊడివస్తాయి. ఒక కంకి ఖాళీ అయ్యాక ఆ బెండుతోనే రెండో కంకిని రుద్దండి, వేళ్లకు నొప్పి తగ్గుతుంది. పది కంకులు దాటితే చేతికి పాత గుడ్డ చుట్టుకోవడం మంచిది. మూడు నాలుగు కంకులు ఒలిస్తే ఒక గ్లాసు గింజలొస్తాయి.

గింజలతో పాటు బెండు నుంచి ఎర్రటి పొట్టు రాలుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే నూనెలో ముందు అదే మాడి వాసన పట్టిస్తుంది. చాటలో పోసి చెరగండి. చాట లేకపోతే ఫ్యాన్ కింద ఒక పళ్లెం నుంచి ఇంకో పళ్లెంలోకి రెండుసార్లు ఎత్తిపోసినా చాలు. అప్పుడే బూజు పట్టినవి, నల్లబడినవి, పురుగు తొలిచినవి ఏరి పారేయండి. బూజు గింజను కడిగి వాడదామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు, మక్కల బూజులో విషం ఉంటుంది. వేడి చేసినా పోదు.

శుభ్రం చేసిన గింజల్ని బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పోయండి. ముక్కుపురుగు భయం ఉంటే ముందు గాలి చొరని కవర్లో కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి. తీశాక కవరు విప్పకుండానే బయటి వేడికి రానివ్వాలి, లేకపోతే గింజల మీద నీళ్లు చెమరుస్తాయి. ఫ్రిజ్‌లో మూత లేకుండా పెడితే అది గింజలోని తడిని లాగేస్తుంది. సీసాలో బిగించి నీడపట్టున ఉంచితే ఏడాది దాటినా పేలుతాయి.

ఎండిపోతే అత్తమ్మ మూట

ఎండలు దాటి వచ్చిన గింజ ఎంత జాగ్రత్తగా దాచినా ఒక్కోసారి తడి తగ్గిపోతుంది. మూత తరచుగా తీసే సీసా అయితే మరీ. దాన్ని పారేయాల్సిన పని లేదు. అత్తమ్మ చెప్పినట్టు మూటకట్టాను కానీ నాకు కొలత కావాలి కదా. అరకిలో గింజలకు 10 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే రెండు టీస్పూన్లు. నూటికి రెండు పాళ్ల తడి పెరుగుతుంది. గింజలు సీసాలో పోసి నీళ్లు చల్లి మూత బిగించి బాగా కుదపండి. మొదటి రోజు వచ్చేటప్పుడు పోయేటప్పుడు ఒకసారి కుదుపుతూ ఉండండి, నీళ్లు అడుగున నిలవకుండా అన్ని గింజలకూ సమంగా అంటుతాయి. నాలుగు రోజులు వదిలేసి 20 గింజలతో పరీక్ష. ఇంకా పేలనివి మిగిలితే ఇంకో టీస్పూను, ఇంకో నాలుగు రోజులు. ఒకేసారి ఎక్కువ పోసి త్వరగా అయిపోవాలనుకుంటే గింజ పైన మెత్తబడి లోపల పొడిగానే ఉండిపోతుంది. నీళ్లు పోసిన సీసాను నెలల తరబడి మర్చిపోవద్దు, అప్పుడప్పుడు వాసన చూడండి.

నా ఎండిపోయిన గింజలు ఆ ఏడాది ఇలాగే దారికొచ్చాయి. తొలి ఏకాదశి పొద్దున రాలేదు, ఆ తర్వాతి వారానికి వచ్చాయి. పేలాలపిండి ఆ రోజే కొట్టుకున్నాం.

పొయ్యి మీద

మందపాటి అడుగున్న లోతైన గిన్నె, దానికి సరిపోయే మూత. మూడు చెంచాల పల్లినూనె, అర గ్లాసు గింజలు. గింజలన్నీ అడుగున ఒక్క వరుసలో సరిపోవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే పై వాటికి వేడి అందదు. నూనెలో ముందు మూడే గింజలు వేసి మధ్యస్థం మంట మీద మూత పెట్టండి. ఆ మూడూ పేలాక నూనె వేడి కుదిరినట్టు. మిగతావన్నీ వేసి, గిన్నెను పొయ్యి మీద నుంచి దింపి, ముప్పై లెక్కపెట్టి మళ్లీ పెట్టండి. ఆ అర నిమిషంలో గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి. ఆ తర్వాత పేలడం మొదలైతే అన్నీ కలిసే పేలుతాయి. ముందు పేలినవి మాడేదాకా వెనకవాటి కోసం ఎదురుచూడాల్సిన బాధ ఉండదు.

మూతను ఒక పక్క సన్నగా ఎత్తి ఉంచండి. ప్రతి గింజా పేలేటప్పుడు ఆవిరి వదులుతుంది, అది బయటికి పోకపోతే పేలాలే తడిసి మెత్తబడతాయి. గిన్నెను గుడ్డతో పట్టుకుని అటూఇటూ జరుపుతూ ఉండండి. శబ్దం పెళపెళ నుంచి తగ్గి, ఒక పేలుడుకూ ఇంకోదానికీ మధ్య రెండు మూడు సెకన్లు పట్టిందంటే మంట ఆర్పి వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి వంచేయండి. ప్రెషర్ కుక్కర్లో చేస్తే గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి మూత ఊరికే బోర్లించాలి, బిగించి మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ఉప్పు రాళ్లుప్పులా ఉంటే పేలం మీద నిలవదు. మిక్సీలో పొడిలా పట్టి, చిటికెడు పసుపు కలిపి, ఇంకా నూనె తడి ఉండగానే చల్లండి. మా ఇంట్లో కారం, వేయించిన జీలకర్ర పొడి కూడా చల్లుతారు. పిల్లలకు నెయ్యి, ఉప్పు చాలు.

మనవళ్లు వచ్చినప్పుడు కంకి కంకిగానే పేల్చమంటారు. మైక్రోవేవ్ ఉంటే అదీ చేయొచ్చు. బాగా ఆరిన చిన్న కంకిని బ్రౌన్ కాగితం సంచిలో పెట్టి, నోరు రెండుసార్లు మడిచి, పిన్నులు కొట్టకుండా, రెండు నిమిషాల దాకా తిప్పాలి. అక్కడే నిలబడి శబ్దం వినాలి. శబ్దం తగ్గగానే ఆపాలి. తెల్లటి పువ్వులు బెండునే పట్టుకుని బయటికొస్తాయి, చాలా గింజలు పేలకుండా ఉండిపోతాయి. పిల్లల కళ్లు చూడటానికి ఏడాదికి రెండు కంకులు నేను అలా ఇచ్చేస్తాను.

పేలాలపిండి, విత్తనం

పేలాలపిండికి ఉప్పు, నూనె ఏవీ వేయకుండా పేల్చాలి. మా ఇంట్లో అత్తమ్మ మంగలం ఇంకా ఉంది, అందులో ఇసుక కాలాక గింజ పోసి జల్లెడ పడతాం. మామూలు ఇంట్లో మందపాటి బాణలి మీద సన్నమంటతో, మూత పెట్టి, కదుపుతూ ఉంటే సరిపోతుంది. చల్లారాక చేత్తో ఒక్కొక్క గుప్పెడూ తీసి పేలని గింజల్ని ఏరండి. ఒక్కటి మిగిలినా పంటికి తగులుతుంది. మిక్సీలో మెత్తగా పట్టి, తురిమిన బెల్లం, యాలకుల పొడి కలిపి మళ్లీ ఒక్క తిప్పు తిప్పండి. జొన్నపేలాలు సగం, ఇవి సగం కలిపితే నాకు ఇంకా బాగుంటుంది, జొన్న వాసన మక్క తీపిని నిలబెడుతుంది.

విత్తనానికి మంచి కంకులు మూడు నాలుగు ఒలవకుండా దూలానికే వదిలేయండి. ఒక్క జాగ్రత్త ఉంది. పక్క చేన్లో మక్క ఉంటే దాని పుప్పొడి గాలికి వచ్చి పడి, మరుసటి ఏడాది మీ గింజ పేలే గుణం తగ్గొచ్చు. పక్క చేనుకు రెండు మూడు వారాలు ముందో వెనకో విత్తుకుంటే రెండూ ఒకేసారి జల్లు (పుప్పొడి రాల్చే మగపూత) వేయవు. నేను ఈసారి మా పక్కింటి వదినను ముందే అడిగాను, వాళ్లు దీపావళి తర్వాత విత్తుతారట. నావి దసరా వెళ్లిన మరునాడే పడతాయి.